గాజుపలకకు అవతల

పామును చూడటానికి రుసుము చెల్లించి, భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని, వరుసలో నిలిచి లోపలికి వెళ్ళటం మానవచరిత్రలో చాలా కొత్త అలవాటు. పాములు పట్టి బ్రతికేవారిని మినహాయిస్తే, వేల సంవత్సరాలపాటు మనిషి పామును వెదకుకొంటూ పోలేదు. అది ఎదురైనప్పుడు నిశ్చేష్టుడై నిలిచాడు, లేదా పరుగెత్తాడు, లేదా కర్ర అందుకొన్నాడు, లేదా చేతులు జోడించాడు. ఈ నాలుగింటిలో దేనికీ టిక్కెట్టు అవసరం లేదు. నగరం ఐదవ మార్గం ఒకటి కల్పించింది. మందమైన గాజుపలకను నడుమ నిలిపి, ఇవతల కుటుంబాన్ని, అవతల సర్పాన్ని ఉంచింది. రెంటికీ మధ్య అనాదిగా ఉన్న భయమనే సంబంధం ఆ పలకతో తెగిపోయింది. తెగినచోట మరే సంబంధమైనా మొలిచిందా అన్నది ఆలోచించవలసిన విషయం.

సరీసృపాలకే ప్రత్యేకించిన భవనం మొట్టమొదట 1849లో లండను జంతుప్రదర్శనశాలలో వెలసింది. తర్వాత అక్కడే 1927లో తెరచిన కొత్త భవనానికి రూపకల్పన చేసినది జోన్ ప్రాక్టర్ అనే శాస్త్రజ్ఞురాలు. ఆ భవనంలో ఒక విశేషం ఉండేది. చూడవచ్చినవారు నడిచే భాగం మసకగా ఉండేది. వెలుతురంతా గాజుగదుల లోపల ఉండేది. చూచేవాడు చీకటిలోను, చూడబడేది వెలుగులోను ఉండాలన్న ఈ ఏర్పాటు నాటకశాలది. భారతదేశంలోని పెద్ద జంతుప్రదర్శనశాలల్లోనూ ఇట్టి సర్పశాలలు ఏర్పడ్డాయి. 1972లో రోమ్యులస్ విటేకర్ అనే సర్పశాస్త్రజ్ఞుడు మద్రాసులో, గిండీ అడవిని ఆనుకొని, పాములకే ప్రత్యేకమైన ఉద్యానాన్ని నెలకొల్పాడు. అది పూర్తిగా కప్పుక్రింద ఉన్న భవనం కాదు. కాని గాజుముఖం గల గదులు, వాటిముందు కదలిపోయే జనప్రవాహం అక్కడా ఉన్నాయి. ప్రక్కనే పిల్లల ఉద్యానం ఉండటంచేత జింకలను చూచినవారు పాములనూ చూచి, సాయంకాలం సముద్రతీరానికి పోవటం ఆ నగరంలో సెలవుదినపు ఆచారాలలో ఒకటైనది.

ఇట్టి చోట్ల ఏ సెలవురోజున చూచినా దృశ్యం ఇంచుమించు ఒకటే. తండ్రి గోడమీది పలకను పైకి చదువుతాడు. తల్లి చంటిబిడ్డను ఎత్తి చూపుతుంది. నాయనమ్మ నాగుపాము గదిముందు ఒక క్షణం ఆగి, ఎవరూ గమనించకుండా చెంపలు వేసుకొంటుంది. పెద్దపిల్లవాడు గాజుమీద వేలితో కొడతాడు. కొట్టరాదని వ్రాసిన పలక అతని తలకు సరిగా పైననే ఉంటుంది. పాము కదలదు. "బ్రతికి ఉన్నదా?" అని ఒకరు, "బొమ్మ కాదు కదా!" అని మరొకరు. ఇంకొకసారి కొట్టి చూస్తారు. అప్పటికీ కదలకపోతే తర్వాతి గదికి సాగిపోతారు. కొండచిలువ దగ్గర మాత్రం కొంచెంసేపు నిలుస్తారు. ఎందుకంటే దాని పరిమాణమే ఒక సంఘటన వంటిది. ఆకులలో ఆకైపోయిన పసిరికపాము దగ్గర ఎవరూ నిలవరు; గది ఖాళీగా ఉన్నదనుకొని వెళ్ళిపోతారు.

ఈ దృశ్యంలో క్రూరత్వం లేదు. ఆ పిల్లవాడు దుష్టుడు కాడు. ఆ తండ్రి నిర్దయుడు కాడు. అయినప్పటికీ ఆ గాజుముందు ఏదో ఒక పొరపాటు జరుగుతున్నది. ఆ పొరపాటు ఎటువంటిదో తెలియటానికి వేదాంతులు చెప్పే ఒక పాత దృష్టాంతం ఉపకరిస్తుంది. మసకచీకటిలో పడి ఉన్న తాడును చూచి బాటసారి పామని భ్రమిస్తాడు, గుండె దడదడలాడుతుంది, దీపం తెచ్చి చూస్తే తాడే. లేనిదానిని ఉన్నదానిపై ఆరోపించటం అవిద్య అనటానికి ఇంతకంటె తేలికైన ఉదాహరణ లేదు. సరీసృపశాలలో జరిగేది దీనికి సరిగా తలక్రిందులు. అక్కడ దీపం వెలుగుతూనే ఉన్నది. ఎదుట ఉన్నది నిజంగా పామే. కాని చూచేవాడికి అది తాడువలె కనబడుతున్నది. చుట్టచుట్టి పెట్టిన, కదలని, తనను ఏమీ చేయలేని ఒక వస్తువు. తాడును పామనుకొన్నవాడికి కలిగేది భయం. ఆ భయం దీపంతో పోతుంది. పామును తాడనుకొన్నవాడికి ఏమీ కలగదు. కనుక తాను పొరపడుతున్నట్టు తెలిసే అవకాశమే లేదు.

ఇక్కడ ఒక మహాశాస్త్రజ్ఞుడి అనుభవం జ్ఞాపకం చేసుకోదగినది. మానవులలోను జంతువులలోను ఉద్వేగాలు వ్యక్తమయ్యే తీరును గూర్చి 1872లో ప్రకటించిన గ్రంథంలో చార్లెస్ డార్విన్ తాను చేసిన ఒక పరీక్షను వర్ణించాడు. లండను జంతుప్రదర్శనశాలలో, ఆఫ్రికాదేశపు విషసర్పం ఒకటి ఉన్న గదిముందు, మందమైన గాజుకు దగ్గరగా ముఖం పెట్టి నిలిచాడు. పాము కాటువేయవచ్చినా వెనుకకు తగ్గరాదని గట్టిగా నిశ్చయించుకొన్నాడు. పాము విసురుగా గాజును తాకింది. ఆ క్షణంలో ఆయన నిశ్చయం ఏమైపోయిందో. తృటిలో ఒకటి రెండు గజాలు వెనుకకు దుమికాడు. ఎన్నడూ అనుభవించని అపాయాన్ని ఊహించిన శరీరంముందు బుద్ధి, సంకల్పం రెండూ పనికిరాలేదని ఆయనే ఒప్పుకొన్నాడు.

ఈ కథను భయానికి బుద్ధి ఓడిపోయిన కథగా చెప్పటం పరిపాటి. మరొక విధంగానూ చూడవచ్చును. పరీక్షకు నిలబడినప్పుడు డార్విన్‌కు ఆ పాము ఒక పరికరం మాత్రమే. తన ధైర్యాన్ని కొలుచుకోవటానికి తెచ్చుకొన్న కొలబద్ద. అది విసురుగా వచ్చిన క్షణంలో పరికరం పోయి ప్రాణి నిలిచింది. వెనుకకు దుమికిన ఆ శరీరం పాముకు దాని నిజాన్ని తిరిగి ఇచ్చివేసింది. గాజుమీద వేలితో కొట్టి, చలించకుండా నవ్వుతూ నిలబడే పిల్లవాడు డార్విన్‌కంటె ధైర్యవంతుడు కాడు. అతనికి ఎదుట పాము లేదు, అంతే.

భయాన్ని వినోదంగా మార్చుకోవటం చిన్న విషయమని అనుకోవటానికి వీలులేదు. మహాభారతంలో ఆదిపర్వం దీనికొక విచిత్రమైన కథ చెబుతుంది. రురుడనే మునికుమారుడు తన ప్రియురాలు ప్రమద్వరను పాము కరచినందుకు, తన ఆయుస్సులో సగం ఇచ్చి ఆమెను బ్రతికించుకొన్న తర్వాత, పాములన్నిటిమీద పగబట్టాడు. కనబడినదానినల్లా కర్రతో చంపుతూ తిరిగాడు. ఒకనాడు అడవిలో ముసలి డుండుభం ఒకటి కనబడింది. కర్ర ఎత్తాడు. అది విషం లేని జాతి. తాను పాములవలె కనబడటమే గాని పాముల దోషం తనలో లేదని అది మనుష్యభాషలో చెప్పింది. ఎవరు నీవని అడిగితే, తాను పూర్వం సహస్రపాదుడనే మునినని, ఖగముడనే మిత్రుణ్ణి గడ్డితో చేసిన పాముతో పరిహాసానికి భయపెట్టానని, అగ్నికార్యంలో ఉన్న ఆ మిత్రుడు మూర్ఛపోయి, తెలివి వచ్చాక తనను ఇట్టి పామువే కమ్మని శపించాడని చెప్పింది. ఉత్తుత్తి పాముతో ఆడినవాడు నిజమైన పామై పుట్టి, పామును చూచేవారి చూపు ఎట్లా ఉంటుందో తెలుసుకోవలసి వచ్చింది. కర్ర క్రింద నిలిచినప్పుడే ఆ పాఠం పూర్తయింది.

ఆధునిక సరీసృపశాల చరిత్రలోనూ ఇట్టి పరిహాసం ఒకటి ఉన్నది. దాని ముగింపు కథవలె లేదు. లండనులో ఆ మొదటి భవనం తెరచి మూడేళ్ళు గడిచిన తర్వాత, 1852లో, గర్లింగ్ అనే పరిచారకుడు రాత్రంతా మద్యం సేవించి వచ్చి, తెల్లవారి నాగుపామును చేతబట్టి ఆటలాడాడు. అది ముక్కుమీద కాటువేసింది. కొద్దిసేపట్లోనే అతడు మరణించాడు. పాములను రోజూ చూచేవాడే పామును మరచిపోయాడు. అలవాటు కూడా ఒక విధమైన గాజుపలకయే.

సర్పాన్ని మనిషి సమీపించిన పాతపద్ధతి ఒకటి ఈ నగరపద్ధతికి ప్రక్కన పెట్టి చూడదగినది. శ్రావణంలో దేశమంతటా నాగపంచమి, తెలుగునాట కార్తీకంలో నాగులచవితి జరుగుతాయి. చవితినాడు కుటుంబమంతా స్నానాలు చేసి, పిల్లలను వెంటబెట్టుకొని పుట్టదగ్గరకు పోతారు. అదీ ఒక విహారమే. పాలు పోస్తారు, చలిమిడి పెడతారు, పుట్టమన్ను చెవులకు పెట్టుకొంటారు, తిరిగి వస్తారు. పాము పాలు త్రాగే ప్రాణి కాదని శాస్త్రం చెప్పినది నిజమే. పుట్టలో పోసిన పాలవల్ల దానికి మేలు లేదు. అయినా ఆ ఆచారంలో ఒక సంస్కారం ఉన్నది. పుట్టలోనుండి పాము బయటికి రాలేదని అక్కడ ఎవరూ నిరాశపడరు. అది కనబడకపోవటమే క్షేమమనుకొంటారు. ఆ ఇల్లు దానిది, వచ్చినవారు అతిథులు. సరీసృపశాలలో ఈ మర్యాద తారుమారు అవుతుంది. రుసుము చెల్లించినవాడికి దర్శనం హక్కు. రాయిచాటున దాగిన పాము అతనికి బాకీపడిన పాము. పుట్టదగ్గర అజ్ఞానం ఉన్నది, వినయం ఉన్నది. గాజుదగ్గర వివరాలు వ్రాసిన పలక ఉన్నది, వినయం కొరవడింది. పాలు మానిపించిన శాస్త్రం వినయాన్ని మానుకొమ్మని చెప్పలేదు.

నిజానికి శాస్త్రం చెప్పే సంగతులు వినయాన్ని పెంచేవే. పాముకు రెప్పలు లేవు. కంటిమీద పారదర్శకమైన పొలుసు ఒకటి కప్పి ఉంటుంది. కుబుసం విడవబోయే రోజుల్లో అది పాలవలె మసకబారి చూపు తగ్గుతుంది. అది నిద్రించేది కన్ను తెరచుకొనే. చీలిన నాలుక బయటికి చాచినప్పుడల్లా గాలిలోని వాసనకణాలను తెచ్చి అంగిటిలోని ఒక ప్రత్యేక ఇంద్రియానికి అందిస్తుంది. బయటి చెవి లేకున్నా దవడ ఎముకలద్వారా నేల అదురును గ్రహిస్తుంది. అంటే గాజుమీద పడే ప్రతి వ్రేటూ దానికి ఏదో ఒక విధంగా అందుతూనే ఉంటుంది. దేహానికి కావలసిన వేడిమిని తాను పుట్టించుకోదు. ఎండనుండి, రాతినుండి గ్రహిస్తుంది. అందుచేత దాని ఆహారం స్వల్పం. పెద్ద ఆహారం తిన్న కొండచిలువ నెలలతరబడి ఉపవాసం ఉండగలదు. చూడవచ్చినవాడు సోమరితనమనుకొన్న ఆ నిశ్చలత నిజానికి లోభి పాటించే పొదుపువంటిది. ఏ కదలికా వృథాగా పోదు. ఒక గంటసేపు ఒకే గదిముందు నిలవగలిగినవాడికి ఇవన్నీ కనబడతాయి. మూడు గంటలలో యాభై గదులు చూడవలసినవాడికి కనబడేది తాడు.

ఓర్పుతో చూచినవారికి గాజుయొక్క అవసరమే తగ్గిపోయిన సందర్భాలు ఉన్నాయి. లండను భవనాన్ని రూపొందించిన జోన్ ప్రాక్టర్ బాల్యంనుండి రోగపీడితురాలు. 1931లో ముప్పదినాలుగేళ్ళ వయస్సులోనే మరణించింది. కొమోడో దీవులనుండి వచ్చిన మహాకాయమైన ఉడుము ఒకటి ఆమెకు ఎంత మచ్చికైనదంటే, ఆమెవెంట జంతుప్రదర్శనశాలలో నడిచేది, ఆమె చేతినుండి ఆహారం తీసుకొనేది. ఇది సాహసప్రదర్శన కాదు. ఆ జంతువు స్వభావం, అలవాట్లు, ఆకలి, బెదురు తెలిసినవారికి లభించిన పరిచయం. భయం పోవటానికి రెండు దారులు ఉన్నాయన్నమాట: అడ్డుగోడ ఒకటి, ఎరుక ఒకటి. మొదటిది అరక్షణంలో లభిస్తుంది. రెండవదానికి జీవితకాలం పడుతుంది.

ఇంతవరకు విచారించినది చూచేవాడి పక్షం. చూడబడే ప్రాణి పక్షం ఒకటి ఉన్నది. అది మాట్లాడలేదు గనుక దానిని గూర్చి ఎక్కువ జాగ్రత్తగా మాట్లాడవలసి ఉంటుంది. గాజుగదిలో పాముకు ముంగిస భయం లేదు, గ్రద్ద భయం లేదు, కర్ర భయం లేదు, వేళకు ఆహారం లభిస్తుంది, అడవిలోకంటె ఎక్కువకాలం బ్రతకవచ్చును అని సమర్థిస్తారు. ఈ వాదంలో అసత్యం లేదు. కాని ప్రపంచంలో ప్రతి చెరసాలనూ ఇదే వాదంతో సమర్థించవచ్చును. సరీసృపాలకు మందబుద్ధి, వాటికి ఎక్కువ చోటు అక్కరలేదన్న అభిప్రాయం చాలాకాలం చెల్లింది. పాము తన దేహాన్ని పూర్తిగా చాచుకొనేపాటి చోటైనా లేని గది దానికి తగదని ఇటీవలి సంవత్సరాల్లో కొందరు శాస్త్రజ్ఞులు గట్టిగా వాదిస్తున్నారు. ఒక ప్రాణి నిడుపుకు సరిపడే చోటు దానికి ఇవ్వాలా అన్నది వాదించి నెగ్గవలసిన విషయం కావటమే, గాజు మనిషి చూపును ఎంత కుదించిందో చెబుతుంది.

కనుక ఈ నిర్బంధానికి న్యాయం ఏదైనా ఉంటే అది ఒక్కటే కాగలదు: ఇక్కడ ఒక పాము స్వేచ్ఛ కోల్పోయినందువల్ల అక్కడ వేయి పాములు, వేయిమంది మనుష్యులు బ్రతకాలి. ఈ లెక్క కుదురుతున్నదా అని అడిగే హక్కు అందరికీ ఉన్నది. భారతదేశంలో పాముజాతులు దాదాపు మూడువందలు. మనిషికి ప్రాణాపాయం కలిగించేవి వాటిలో కొన్నే. మరణాలలో అత్యధికభాగం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, పొలుసులు రాచి చప్పుడు చేసే చిన్నపింజరి అనే నాలుగింటివల్ల కలుగుతున్నవి. 2000 నుండి 2019 వరకు ఇరవై సంవత్సరాల్లో దేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షలమంది, అంటే సగటున ఏడాదికి 58 వేలమంది మరణించినట్టు 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. వీరిలో అత్యధికులు పల్లెలవారు. సగంమంది వర్షాకాలపు నాలుగు నెలల్లో పోయినవారు. ఈ మరణాలు దట్టంగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రదేశం కూడా ఒకటి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల పట్టికలో చేర్చింది. నిర్లక్ష్యం అన్న మాట అక్కడ సరిగా సరిపోయింది.

ఈ అంకెలను సరీసృపశాలలోని దృశ్యం ప్రక్కన పెట్టినప్పుడు ఒక వైపరీత్యం బయటపడుతుంది. గాజు అవసరం లేనివారికే గాజు దొరికింది. చెప్పులు లేకుండా చేను తడపటానికి రాత్రి గట్టుమీద నడిచే రైతుకు, నేలమీద చాపవేసుకొని పడుకొనే కూలిబిడ్డకు పాముకూ తమకూ నడుమ ఏ పలకా లేదు. నగరవాసి పాములను ప్రేమించాలని ఉపన్యసించటం సులభం. ఆ ప్రేమకు అతడు చెల్లించిన మూల్యం టిక్కెట్టు మాత్రమే. కరుణ గొప్పదే, కాని ఇతరుల ప్రాణం ఒడ్డి చూపే కరుణను కరుణ అనటానికి సందేహించవలసి ఉంటుంది.

గాజుకు ఇవతలా అవతలా కాక, మూడవచోట నిలిచినవారు ఉన్నారు. మద్రాసు పరిసరాల్లోని ఇరుళులు తరతరాలుగా పాములు పట్టేవారు. ఒకప్పుడు చర్మాలకోసం పట్టారు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టం, తర్వాత వచ్చిన ఎగుమతి నిషేధం ఆ జీవనాధారాన్ని తీసివేశాయి. 1978లో వారికొక సహకారసంఘం ఏర్పడింది. పామును పట్టి, కొద్దివారాలు ఉంచి, విషం తీసి, తిరిగి విడిచిపెట్టటం వారి వృత్తి అయినది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంనుండి విరుగుడు మందు తయారుచేస్తారు. ఆ వర్గానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడైయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ లభించింది. ఇరుళుడి చేతిలోని పాము ఎన్నడూ తాడు కాలేదు. అయితే అతడు అయినంతమాత్రాన కర్ర ఎత్తనూ లేదు. పాము పామేనన్న ఎరుక, అయినా దానిని బ్రతకనివ్వాలన్న నిశ్చయం, రెండూ ఒక చేతిలో ఇమడగలవని ఆ వృత్తి రుజువు చేసింది.

పెద్దలు మనిషి పుట్టుకతోనే ఋణస్థుడని చెప్పి, గృహస్థుడు నిత్యం చేయవలసిన యజ్ఞాలలో తక్కిన ప్రాణులకు భాగమిచ్చే భూతయజ్ఞాన్నీ చేర్చారు. ఆ భావాన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చును. గుమ్మంవద్ద చెల్లించిన రుసుముతో భవనం ఖర్చు తీరుతుంది. చూచినందుకు పడిన ఋణం తీరదు. ఒక ప్రాణి తన సమస్తమైన కదలికను కోల్పోయి అక్కడ నిలిచినది ఒక కుటుంబం అరగంట ప్రొద్దుపుచ్చటానికే అయితే, ఆ లెక్క ఏ ధర్మశాస్త్రంలోనూ కుదరదు. ఆ కుటుంబం అక్కడినుండి తీసుకొనిపోయినది ఏమిటన్నదానిమీద అంతా ఆధారపడి ఉన్నది. జెర్రిపోతుకూ నాగుపాముకూ భేదం తెలిసిన కన్ను, చీకటిలో దీపం లేకుండా అడుగువేయరాదన్న జాగ్రత్త, కాటుపడినవాణ్ణి మంత్రగాడివద్దకు కాక ఆసుపత్రికి చేర్చే తొందర, పల్లెలోని ఆసుపత్రిలో విరుగుడు మందు ఉన్నదా అని అడిగే పౌరుడి పట్టుదల, ఇవి ఆ ఋణానికి చెల్లే నాణేలు. ఇవి పిల్లవాడికి పలకమీది అక్షరాలవల్ల మాత్రమే రావు. గాజుమీద కొట్టబోయిన అతని చేతిని తండ్రి మెల్లగా పట్టుకొని, "కొట్టకు; దానికి తెలుస్తుంది" అని చెప్పినప్పుడు మొదలవుతాయి. "పలకమీద వ్రాసి ఉన్నది" అని చెప్పటంలోను, "దానికి తెలుస్తుంది" అని చెప్పటంలోను ఎంతో భేదం ఉన్నది. మొదటిది నిబంధన. రెండవది అవతల ఒక ప్రాణి ఉన్నదన్న అంగీకారం.

ఆ అంగీకారం నిజమా కాదా అన్నది సరీసృపశాలలో తేలదు. అక్కడ అందరూ సాధువులే. ఏదో ఒకనాడు పేటలో "పాము! పాము!" అన్న కేక పుడుతుంది. కర్రలతో పదిమంది చేరుతారు. కాలువప్రక్కన తలదాచుకొనే త్రోవ వెదకుతూ ఒక జెర్రిపోతు కనబడుతుంది. డుండుభానికి దక్కిన మనుష్యభాష దానికి లేదు. తాను విషం లేనిదానినని చెప్పుకోలేదు. దాని పక్షాన ఆ మాట మరెవరైనా చెప్పాలి. ఒకనాడు గాజుముందు నిలిచిన ఆ పిల్లవాడు పెరిగి ఆ గుంపులో ఉండి, ముందుకు వచ్చి, ఆ మాట చెప్పగలిగితే, ఆ గదిలో చుట్టచుట్టుకొని పడి ఉన్న పాము నిర్బంధానికి కొంతైనా అర్థం దొరుకుతుంది. చెప్పలేకపోతే ఆనాడు అతడు చూచినది తాడునే.